కౌంటరు ఇక్కడ – ఖాతా అక్కడ



ఈ పాఠంలో మనం కంప్యూటర్ల గురించి చదువుకుందాం. కంప్యూటరు నడపడం నేర్చుకోవడానికి కాదు. మనం కట్టిన డబ్బు, మనం ఇచ్చిన కాగితం ఎక్కడికి పోతున్నాయో, ఎట్లా పోతున్నాయో తెలుసుకోవడానికి.

హైదరాబాదులో ఉప్పల్ దగ్గర ఒక మీసేవ కేంద్రం ఉందనుకోండి. ఒక అక్క కరెంటు బిల్లు తీసుకుని అక్కడికి వచ్చింది.

"అన్నా, మా ఇల్లు మౌలాలిలో ఉన్నది. నేను పనికొచ్చేది ఇటువైపు. మా బిల్లు ఇక్కడ తీసుకుంటరా?"

"తీసుకుంటం అక్కా. ఎక్కడ కట్టినా ఒకటే. బిల్లు ఇటు ఇయ్యండి."

"మరి ఈ పైసలు మా ఖాతాకే పోతాయని నమ్మకమేంది?"

"అదంతా కంప్యూటరు చూసుకుంటది అక్కా."

అక్క మంచి ప్రశ్న అడిగింది. "కంప్యూటరు చూసుకుంటది" అన్న జవాబు మనకు చాలదు. అది ఎట్లా చూసుకుంటుంది? ఏది చూసుకోలేదు? మనం ఏది చూసుకోవాలి? ఇవి తెలియాలి. డబ్బు మనది కదా!

వెనుకటి రోజుల్లో

ఒకప్పుడు హైదరాబాదు, సికింద్రాబాదు జంట నగరాల్లో కరెంటు బిల్లుకు ఒక కౌంటరు. నీళ్ళ బిల్లుకు మరో కౌంటరు. ఇంటి పన్నుకు ఇంకో ఆఫీసు. మన పేట బిల్లు మన పేటకు పెట్టిన చోటనే కట్టాలి. ఒక్కో కౌంటరు దగ్గర పెద్ద వరుస. ఎండలో నిలబడాలి. బిల్లులు కట్టడానికి పోతే ఆ రోజు కూలి పోయేది.

1999లో బంజారాహిల్స్‌లో ఒక కొత్త ఏర్పాటు మొదలైంది. దాని పేరు ట్విన్స్. ట్విన్స్ అంటే ఇంగ్లీషులో కవలలు. జంట నగరాల కోసం పెట్టారు కనుక ఆ పేరు. అక్కడ ఒకే కౌంటరులో వేరువేరు శాఖల బిల్లులు కట్టవచ్చు. 2001 ఆగస్టులో ఇదే "ఈ-సేవ" అన్న పేరుతో నగరంలో చాలాచోట్లకు వచ్చింది. ఏ పేట వాళ్ళయినా ఏ కేంద్రంలోనైనా కట్టవచ్చు. ఏ కౌంటరులోనైనా ఏ బిల్లయినా ఇవ్వవచ్చు. 2011 నవంబరులో "మీసేవ" మొదలైంది. ఆదాయం, కులం వంటి సర్టిఫికెట్లు కూడా అక్కడ ఇవ్వసాగారు. నగరంలో పుట్టిన పద్ధతి జిల్లాలకు, ఊళ్ళకు పాకింది.

ఇది ఎట్లా కుదిరింది? కౌంటరు బల్లలు మార్చినందువల్ల కాదు. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపినందువల్ల.

నెట్‌వర్క్ అంటే ఏమిటి?

నెట్ అంటే వల. చేపల వలను చూడండి. దారాలు ఉంటాయి. దారాలు కలిసే చోట ముడులు ఉంటాయి. ఏ ముడి నుంచి ఏ ముడికైనా దారం వెంట పోవచ్చు. కంప్యూటర్ల వల కూడా అంతే. కంప్యూటర్లు ముడుల వంటివి. వాటిని కలిపే తీగలు దారాల వంటివి. ఈ అల్లికనే నెట్‌వర్క్ అంటారు.

వలలు చిన్నవీ ఉంటాయి, పెద్దవీ ఉంటాయి. ఒక ఆఫీసులోని కంప్యూటర్లను కలిపితే చిన్న వల. నగరంలో ఉన్న ఆఫీసులు, బ్యాంకులు, ఆసుపత్రులు అన్నింటినీ కలిపితే నగరమంతటి వల. ఇంగ్లీషులో దీన్ని మెట్రోపాలిటన్ ఏరియా నెట్‌వర్క్ అంటారు. పొడుగు పేరు కదా! పొట్టిగా "మ్యాన్" అంటారు. ఇట్లాంటి నగరాల వలలను కలుపుకుంటూ పోతే దేశమంతా, ప్రపంచమంతా వల అవుతుంది. అదే ఇంటర్నెట్.

కంప్యూటరుకు రెండే అక్షరాలు

మనం 56 అక్షరాలు నేర్చుకున్నాం. గుణింతాలు, వత్తులు నేర్చుకున్నాం. ఎంత కష్టపడ్డాం! కంప్యూటరుకు మాత్రం రెండే గుర్తులు తెలుసు. ఒకటి "ఉంది". రెండోది "లేదు". లైటు వెలిగినట్టు ఒకటి, ఆరినట్టు ఒకటి.

ఈ రెండు గుర్తులతోనే అది అన్నీ రాసుకుంటుంది. 2 అంకె రాయాలంటే "ఉంది – లేదు" అని పెట్టుకుంటుంది. 5 అంకె రాయాలంటే "ఉంది – లేదు – ఉంది" అని పెట్టుకుంటుంది. మన పేరైనా, ఫోటో అయినా, పాట అయినా చివరికి ఈ రెండు గుర్తుల వరుసే. వరుస చాలా పొడుగ్గా ఉంటుంది. కంప్యూటరు చాలా వేగంగా చదువుతుంది. అందుకే మనకు తెలియదు.

మన బిల్లు మీది నంబరు కూడా అట్లాగే మారిపోతుంది. ఇక దాన్ని నగరం దాటించాలి.

వెంట్రుకంత గాజు తీగ

రోడ్డు పక్కన గుంత తీసి నారింజ రంగు గొట్టాలు వేయడం మీరు చూసే ఉంటారు. చాలావరకు ఆ గొట్టాల లోపల గాజు తీగలు పోతాయి. గాజు అంటే మన చేతి గాజు వంటి గాజే. కాని చాలా శుద్ధమైనది. తీగ లావు ఇంచుమించు మన తల వెంట్రుకంత. దాన్ని ఆప్టికల్ ఫైబరు అంటారు. అది విరగకుండా పైన పొరలు చుడతారు.

ఈ తీగలో కరెంటు పోదు. వెలుగు పోతుంది. ఒక చివర చిన్న దీపం వంటి పరికరం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. వెలిగితే "ఉంది". ఆరితే "లేదు". ఒక్క సెకనులో కోట్లసార్లు వెలిగి ఆరుతుంది. గొట్టంలో నీళ్ళు పోయినట్టు ఆ వెలుగు తీగలోనే పోతుంది. తీగ మెల్లగా వంగినా, వెలుగు లోపలి గోడకు తగిలి మళ్ళీ లోపలికే మళ్ళుతుంది. బయటికి పోదు. రెండో చివర ఉన్న పరికరం ఆ వెలుగులను చదివి తిరిగి అంకెలుగా మారుస్తుంది.

గాజు తీగలో వెలుగు ఒక్క సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. నగరం ఈ చివర నుంచి ఆ చివరకు 50 కిలోమీటర్లు అనుకుందాం. ఒక సెకనును 4,000 ముక్కలు చేస్తే, అందులో ఒక్క ముక్క చాలు. మన కబురు చేరిపోతుంది.

మరి కౌంటరు దగ్గర ఒక్కోసారి ఎందుకు అంత ఆలస్యం? తీగలో ఆలస్యం కాదు. ఒకే సమయంలో వేలమంది కబుర్లు వస్తే, అవతలి కంప్యూటరు ఒక్కొక్కటే చూడాలి కదా. అక్కడ కూడా వరుస ఉంటుంది. గడువు చివరి రోజున ఆ వరుస మరీ పెద్దది.

ముక్కలుగా పోయే కబురు

పెళ్ళి సామాను ఒక ఆటోలో పట్టదు. మూడు ఆటోల్లో వేస్తాం. ప్రతి మూట మీద ఇంటి చిరునామా రాస్తాం. 1, 2, 3 అని నంబర్లు వేస్తాం. మూడు ఆటోలు మూడు దారుల్లో పోయినా ఫరవాలేదు. ఇంటికి చేరాక లెక్క చూసుకుంటాం. రెండో మూట రాకపోతే "రెండోది రాలేదు, పంపండి" అని ఫోను చేస్తాం.

కంప్యూటర్లు కూడా ఇట్లాగే చేస్తాయి. కబురును చిన్న చిన్న ముక్కలు చేస్తాయి. ప్రతి ముక్క మీద చేరవలసిన కంప్యూటరు చిరునామా, వరుస నంబరు ఉంటాయి. దారిలో చౌరస్తాల వంటి చోట్ల రౌటర్లు అనే పెట్టెలు ఉంటాయి. రౌటరు చౌరస్తాలో పోలీసు వంటిది. చిరునామా చూసి "నువ్వు ఇటు పో" అని దారి చూపుతుంది. అన్ని ముక్కలూ చేరాక అవతలి కంప్యూటరు వాటిని వరుసగా పేర్చుకుంటుంది. ఒక ముక్క తప్పిపోతే మళ్ళీ పంపమని అడుగుతుంది.

డబ్బుకు సంబంధించిన కబురుకు తాళం కూడా వేసి పంపుతారు. అంటే దారిలో ఎవరైనా చూసినా అర్థం కాకుండా గుర్తులు తారుమారు చేస్తారు. సరైన తాళంచెవి ఉన్న కంప్యూటరే దాన్ని విప్పి చదవగలదు.

ఇప్పుడు మన అక్క బిల్లు సంగతి చూద్దాం. ఉప్పల్ కౌంటరులో అన్న నంబరు కొట్టాడు. ఆ నంబరు ముక్కలై, తాళం పడి, గాజు తీగలో పోయింది. కరెంటు సంస్థ కంప్యూటరుకు చేరింది. అది "ఈ నంబరు ఫలానా పేరు మీద ఉంది, ఇంత బాకీ ఉంది" అని తిరుగు కబురు పంపింది. అది తెర మీద కనిపించింది. అక్క డబ్బు కట్టింది. "ముట్టింది" అన్న కబురు మళ్ళీ పోయింది. ఖాతాలో జమ రాసుకున్నారు. రసీదు అచ్చయింది. ఇదంతా కొన్ని నిమిషాల్లోనే.

తీగ తెగితే ఏమవుతుంది?

రోడ్డు తవ్వేటప్పుడు జేసీబీ పన్ను తగిలి తీగ తెగుతుంది. నగరాల్లో ఇది తరచు జరిగే పనే. అప్పుడు అన్నీ ఆగిపోవాలా?

హైదరాబాదు చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. దాని పొడవు 158 కిలోమీటర్లు. అది గుండ్రంగా చుట్టి వస్తుంది. ఒకచోట దారి మూసేస్తే వెనక్కి తిరిగి, రెండో వైపు నుంచి చుట్టి పోవచ్చు. నగరంలో ముఖ్యమైన గాజు తీగలను కూడా ఇట్లాగే గుండ్రంగా, గాజులా కలుపుతారు. ఒకచోట తెగితే కబురు రెండో వైపు నుంచి పోతుంది. మనకు తెలియను కూడా తెలియదు.

కాని పెద్ద చుట్టు నుంచి మన వీధి కేంద్రానికి వచ్చే తీగ చాలాచోట్ల ఒక్కటే ఉంటుంది. అది తెగితే వేరే దారి లేదు. అప్పుడే "నెట్ లేదు, రేపు రండి" అన్న మాట వింటాం. అవతలి పెద్ద కంప్యూటరు ఆగిపోతే "సర్వర్ డౌన్" అంటారు. అందుకని గడువుకు రెండు మూడు రోజుల ముందే పోవడం మేలు.

ఇంకా దేనికి పనికొస్తుంది?

బిల్లులకే కాదు. ఒక బ్యాంకు కార్డుతో మరో బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీస్తాం. ఆ ఏటీఎం మన బ్యాంకును తీగ మీదే అడుగుతుంది.

సెల్‌ఫోనుకు తీగ లేదు కదా అంటారేమో. ఫోను నుంచి టవరు దాకానే గాలిలో పోతుంది. ఆ తర్వాత మన మాట చాలావరకు నేలలోని గాజు తీగలోనే పోతుంది.

నగరంలో కూడళ్ళ దగ్గర కెమెరాలు ఉంటాయి. వాటి బొమ్మలు తీగల వెంట పోలీసులకు చేరతాయి. 2022 ఆగస్టులో హైదరాబాదు బంజారాహిల్స్‌లో పోలీసుల పెద్ద కేంద్రం మొదలైంది. నగరంలోని కెమెరాల బొమ్మలు అక్కడ కూర్చుని చూడవచ్చు. ఆపదలో ఉన్న ఆడవాళ్ళు 112కు గాని 100కు గాని ఫోను చేస్తే, ఆ కబురు దగ్గరలోని పోలీసు బండికి చేరేది కూడా ఇట్లాంటి వల మీదే.

కంప్యూటరు చేయలేని పని

ఇక ముఖ్యమైన సంగతి. కంప్యూటరు మన ముఖం చూసి గుర్తు పట్టి జమ వేసుకోదు. "పాపం, ఈమె నెల నెలా కడుతుంది" అని అనుకోదు. అది చూసేది నంబరును మాత్రమే.

తెలంగాణలో కరెంటు బిల్లు మీద యూ.ఎస్.సి. నంబరు అని ఉంటుంది. మన మీటరుకు అదే గుర్తు. హైదరాబాదు నీళ్ళ బిల్లు మీద క్యాన్ నంబరు ఉంటుంది. చివర 36 కొట్టాల్సిన చోట 63 కొడితే ఏమవుతుంది? ఆ నంబరు మీద మరొకరు ఉంటే, డబ్బు వారి ఖాతాలో పడుతుంది. తీగ బాగానే పని చేసింది. కంప్యూటరు బాగానే పని చేసింది. కాని మన ఇంట్లో బాకీ అట్లాగే ఉంటుంది. కరెంటు తీసేయడానికి మనిషి వస్తాడు. "నేను కట్టిన" అంటే వినరు. రసీదు చూపమంటారు. రసీదు మీద ఉన్నది వేరే నంబరు!

ఇక్కడే మన చదువు అక్కరకొస్తుంది. ఈ నాలుగు పనులు చేయండి.

1. డబ్బు ఇచ్చే ముందు తెర మీద పేరు చూడండి. కనిపించకపోతే "ఎవరి పేరు వచ్చింది?" అని అడగండి. మీటరు మీ పేరు మీద ఉండకపోవచ్చు. ఇంటాయన పేరో, మామగారి పేరో, ఇంటి ఓనరు పేరో ఉండవచ్చు. ఎవరి పేరు ఉందో ముందే బిల్లులో చదివి పెట్టుకోండి.

2. రసీదు తప్పక అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. అది మన హక్కు.

3. కౌంటరు దగ్గరే నిలబడి రసీదు చదవండి. నంబరు, పేరు, తేదీ, డబ్బు – ఈ నాలుగూ బిల్లుతో సరిచూడండి. వెనకనున్న వాళ్ళు తొందర పెట్టినా సరే. తప్పు ఉంటే అక్కడే చెప్పండి.

4. రసీదులను ఒక కవరులో దాచండి. కొన్ని రసీదుల మీది అక్షరాలు వేడికి చెరిగిపోతాయి. ముఖ్యమైన వాటికి జిరాక్సు తీసి పెట్టుకోండి.

సర్టిఫికెట్టు కోసం మీసేవలో దరఖాస్తు ఇచ్చినప్పుడు కూడా ఇంతే. రసీదు మీద దరఖాస్తు నంబరు ఉంటుంది. ఆ నంబరు ఉంటే మన కాగితం ఏ ఆఫీసులో ఆగిందో అడగవచ్చు. నంబరు పోగొట్టుకుంటే మధ్యవర్తుల చుట్టూ తిరగాలి. కట్టవలసిన రుసుము ఎంతో అడగండి. అంతకన్నా ఎక్కువ అడిగితే "రసీదులో అంత రాసి ఇవ్వండి" అనండి.

వల మీదే వచ్చే మోసం

మంచి కబురు పోయే తీగలోనే చెడ్డ కబురూ వస్తుంది. "మీరు కరెంటు బిల్లు కట్టలేదు. ఈ రాత్రికి కరెంటు కట్ చేస్తాం. వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి" అని మెసేజీలు వస్తుంటాయి. భయపడి ఫోను చేస్తే ఓటీపీ అడుగుతారు. లేదా ఏదో ఒకటి ఫోనులో ఎక్కించుకోమంటారు. అంతే, బ్యాంకులో డబ్బు పోతుంది.

భయపడకండి. మీ దగ్గర రసీదు ఉంది కదా! తీసి చూడండి. కట్టినట్టు ఉంటే ఆ మెసేజీ అబద్ధం. అనుమానం ఉంటే బిల్లు మీద ఉన్న నంబరుకు ఫోను చేయండి. మెసేజీలో ఉన్న నంబరుకు కాదు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఫోనులో డబ్బు పంపేటప్పుడే పిన్ను కొట్టాలి. మనకు డబ్బు రావడానికి పిన్ను అక్కరలేదు. "డబ్బు పంపుతాం, పిన్ను కొట్టండి" అంటే అది మోసం.

ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930కి ఫోను చేయండి. మీ బ్యాంకుకు చెప్పండి. డబ్బు కూడా తీగ మీద వేగంగా చేతులు మారుతుంది. ఎంత తొందరగా చెబితే ఆపడానికి అంత వీలు.

తీగ ఎంత మంచిదైనా, మనం ఇచ్చిన నంబరునే మోస్తుంది. ఆ నంబరు సరైనదో కాదో చదివి చూడవలసింది మనమే.

కొత్త మాటలు

నెట్‌వర్క్ – కంప్యూటర్లను కలిపిన వల
ఆప్టికల్ ఫైబరు – వెలుగు పోయే సన్నని గాజు తీగ
రౌటరు – కబురుకు దారి చూపే పెట్టె
సర్వరు – ఖాతాలన్నీ దాచి, అడిగినప్పుడు జవాబు ఇచ్చే పెద్ద కంప్యూటరు
ఓటీపీ – ఒక్కసారికే పనికొచ్చే రహస్య నంబరు

ఆలోచించి చెప్పండి

1. ఉప్పల్‌లో కట్టిన బిల్లు మౌలాలి ఇంటి ఖాతాలో ఎట్లా జమ అవుతుంది?
2. ముఖ్యమైన తీగలను గుండ్రంగా ఎందుకు కలుపుతారు?
3. కంప్యూటరు తప్పు చేయకపోయినా మన డబ్బు వేరొకరి ఖాతాలో ఎప్పుడు పడుతుంది?
4. ఒక అక్క బిల్లు 486 రూపాయలు. ఆమె 500 రూపాయలు ఇచ్చింది. ఎంత తిరిగి రావాలి?

చేసి చూడండి

మీ ఇంటి కరెంటు బిల్లు తీసుకుని కేంద్రానికి రండి. నంబరు, పేరు, గడువు తేదీ, కట్టవలసిన డబ్బు – నాలుగూ గట్టిగా చదవండి. నోటుబుక్కులో రాయండి. తర్వాత పక్కనున్న అక్క బిల్లును మీరు చదవండి. మీ బిల్లును ఆమె చదవాలి. వచ్చే నెల బిల్లు కట్టడానికి ఇద్దరూ కలిసి పోండి. ఒకరు డబ్బు ఇవ్వండి, మరొకరు రసీదు చదవండి.